చీర నచ్చినా ఆర్డర్ బటన్ నొక్కడం లేదు: బటన్ల రూపకల్పనలో ముందు ఏది సరిచేయాలి?

చీరాల_మగ్గం
చీరాల దగ్గర కొన్ని నేత కుటుంబాలు కలిసి నడుపుకొంటున్న చీరల అమ్మకపు వెబ్‌సైటును నేను చూసుకుంటున్నాను. కొంతకాలంగా ఒక విషయం అంతుపట్టడం లేదు. కొనడానికి వచ్చినవారు చీర పేజీ దాకా వస్తున్నారు, అంచునూ కొంగునూ పెద్దవి చేసి చూస్తున్నారు, ధర దగ్గర ఆగుతున్నారు, ఆ తరువాత బటన్ నొక్కకుండానే వెళ్లిపోతున్నారు. వారిలో కొందరు మా నంబరుకు వాట్సాప్‌లో అదే చీర ఫొటో పంపి, దీన్ని ఎలా తెప్పించుకోవాలని అడుగుతున్నారు. చీర నచ్చని వారెవరూ అలా అడగరు కదా.

ఇప్పుడున్న అమరిక చెబుతాను. ఆర్డర్ బటన్ మామూలు నారింజ రంగులో ఉంటుంది; దాని మీద తెల్ల అక్షరాలతో "సమర్పించు" అని ఉంటుంది. పక్కనే అదే పరిమాణంలో, అదే రంగులో "ఇష్టమైనవాటిలో చేర్చు", "పంచుకో", "బట్ట వివరాలు" అనే మరో మూడు బటన్లు ఉంటాయి. చిరునామా ఫారమ్‌లో అన్ని గడులూ నిండేదాకా చివరి బటన్ బూడిద రంగులో ఉండి పనిచేయదు. ఇదంతా కొన్న టెంప్లేటుతో వచ్చింది. మా కొనుగోలుదారుల్లో చాలామంది ఫోన్‌లోనే చూస్తారు. రంగు మారిస్తే చాలని ఒకరు, పెద్దది చేస్తే చాలని మరొకరు అంటున్నారు. ముందు దేని మీద చెయ్యి వేయాలి?

రంగుల_రాట్నం
ముందు ఎరుపు చేసి చూడండి. పెర్ఫార్మబుల్ అనే సంస్థ పేజీలో ఆకుపచ్చ బటన్‌నూ ఎరుపు బటన్‌నూ పోల్చి చేసిన పరీక్ష ఫలితం 2011లో బయటికి వచ్చింది. ఎరుపు బటన్‌ను 21 శాతం ఎక్కువగా నొక్కారు. నారింజ రంగు అటూ ఇటూ కాకుండా ఉంటుంది.

అక్షర_శిల్పి
రంగుల_రాట్నం గారు చెప్పిన పరీక్ష జరిగిన మాట నిజం, కానీ దానినుంచి ఎరుపు గొప్పదని తీర్మానించడం సరికాదు. ఆ పేజీలో అప్పటికే ఆకుపచ్చ రంగు చాలా ఉంది. ఎరుపు ఒక్కటే విడిగా కనిపించింది. చీరాల_మగ్గం గారి పేజీలో సగం తెర నిండా చీర ఉంటుంది. ఎర్ర చీర పేజీలో ఎర్ర బటన్ చీరలో కలిసిపోతుంది, పసుపు చీర పేజీలో నారింజ బటన్ కలిసిపోతుంది. వస్తువు రంగు పేజీ పేజీకీ మారే దుకాణంలో బటన్ చుట్టూ ఎప్పుడూ తెల్లటి ఖాళీ ఉంచడం, రంగు ఏదైనా సైటంతటా ఒక్కటే వాడడం, ఆ రంగును మరి దేనికీ వాడకపోవడం ముఖ్యం.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. మామూలు నారింజ మీద తెల్ల అక్షరాల కాంట్రాస్ట్ నిష్పత్తి, అంటే అక్షరాల రంగుకూ వెనక రంగుకూ ఉన్న వెలుగు తేడా, 2 కూడా ఉండదు. వెబ్ పేజీలు అందరూ వాడుకునేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణం ప్రకారం మామూలు పరిమాణపు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు కనీసం 3 ఉండాలి. గదిలో కూర్చుని కొత్త ఫోన్‌లో చూసే మీకు ఆ మాట కనిపించవచ్చు; మిట్టమధ్యాహ్నం అంగడి ముందు నిలబడి చూసేవారికీ, చత్వారం వచ్చినవారికీ అది కంటికి ఆనదు. అదే నారింజ మీద నల్ల అక్షరాలు వేస్తే నిష్పత్తి 10 దాటుతుంది. ముదురు మెరూన్ మీద తెల్ల అక్షరాలు వేసినా దాదాపు అంతే వస్తుంది.

బొబ్బిలి_బాలు
ఈ నిష్పత్తిని ఎలా కొలవాలి? నాకు గణితం రాదు, డిజైన్ కూడా సొంతంగా నేర్చుకున్నదే.

అక్షర_శిల్పి
బాలు గారూ, గణితం అక్కరలేదు. క్రోమ్‌లో గానీ ఫైర్‌ఫాక్స్‌లో గానీ డెవలపర్ టూల్స్ తెరిచి, అక్షరాల రంగు గడి మీద క్లిక్ చేస్తే నిష్పత్తిని అదే చూపిస్తుంది. వేలు ఆనినప్పుడు మారే రంగుకూ, నొక్కిన తరువాత మారే రంగుకూ విడివిడిగా చూడడం మరవకండి. మామూలు స్థితిలో సరిగా ఉండి, నొక్కగానే లేత రంగులోకి మారి చదవడానికి వీలుకాని బటన్లు చాలా ఉన్నాయి.

వేలి_కొస
రంగు మీద చర్చ ఎంతైనా చేయవచ్చు గానీ, ఫోన్‌లో వేలికి అందని బటన్ ఏ రంగులో ఉన్నా ఒకటే. లక్ష్యం ఎంత దగ్గరగా ఉంటే, ఎంత పెద్దగా ఉంటే దాన్ని అంత త్వరగా అందుకోగలమని మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లోనే చూపించారు. ఆపిల్ మార్గదర్శకాలు కనీసం 44 పాయింట్ల వెడల్పు, అంతే ఎత్తు ఉండాలంటాయి. గూగుల్ మెటీరియల్ డిజైన్ 48 డీపీ (ఆండ్రాయిడ్ తెరల కొలత) అంటుంది. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 తన మూడు స్థాయుల్లో రెండోదైన ఏఏకు కనీసం 24 పిక్సెళ్లు చాలంటుంది, కానీ అది అంతకంటే దిగజారకూడదని పెట్టిన హద్దు. డబ్బు కట్టే బటన్‌కు దాన్ని కొలతగా పెట్టుకోకండి.

చీరాల_మగ్గం గారి వర్ణన చదువుతుంటే నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది నాలుగు బటన్లు పక్కపక్కన ఉండడం. 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్‌లో నాలుగు బటన్లు ఒకే వరుసలో పెడితే, మధ్య ఖాళీలు పోగా ఒక్కొక్కదానికి 80 పిక్సెళ్లు కూడా మిగలవు. "ఇష్టమైనవాటిలో చేర్చు" అన్న మాట అందులో మూడు వరుసలు అవుతుంది. ఆర్డర్ నొక్కబోయి పంచుకోవడం నొక్కితే ఏదో కొత్త కిటికీ తెరుచుకుంటుంది, కొనేవారు కంగారుపడి వెనక్కి వెళ్లిపోతారు.

చీరాల_మగ్గం
వేలి_కొస గారు చెప్పినట్టే ఉంది. మా వదిన ఫోన్‌లో తెరిచి చూశాను. "ఇష్టమైనవాటిలో" అన్న మాట మధ్యలో విరిగి కింది వరుసలోకి పోయింది, "వివరాలు" అన్న మాట బటన్ అంచు దాటి బయటికి వచ్చింది.

మంజీర_తీరం
నాలుగింటినీ సమానంగా చూపించడమే అన్నిటికంటే పెద్ద లోపం. ఒక తెర మీద ప్రధానమైన పని ఒక్కటే ఉండాలి, దానికే నిండు రంగు ఇవ్వాలి. రెండో పనికి అంచుగీత మాత్రమే ఉన్న బటన్ చాలు. పంచుకోవడానికి ఫొటో మూలలో చిన్న గుర్తు సరిపోతుంది. బట్ట వివరాలు అసలు బటనే కానక్కరలేదు. ఆ సమాచారం కింద నేరుగా రాసేస్తే కొనేవారికి ఒక నొక్కు తప్పుతుంది. చేనేత కొనేవారు నూలు కౌంటు, పొడవు, జాకెట్టు ముక్క ఉందా లేదా అన్నవి చూడకుండా డబ్బు కట్టరు. ఆ వివరాలను బటన్ వెనక దాచి, ముందే ఆర్డర్ చేయమనడం వల్లనే చాలామంది ఆగిపోతున్నారని నా అభిప్రాయం.

రంగుల_రాట్నం
మంజీర_తీరం గారితో ఏకీభవిస్తాను. ఎరుపు గురించి మాత్రం నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు. మన దగ్గర ఎరుపు ప్రమాదానికి మాత్రమే కాదు, శుభానికి కూడా సంకేతం.

తెర_వినికిడి
నేను చూపు లేని వ్యక్తిని. తెర మీది మాటలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు వాడతాను. ఫోన్‌లో టాక్‌బ్యాక్‌తో, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏతో పనిచేస్తాను. మీ చర్చలో ఇంతదాకా వచ్చినవన్నీ కంటికి సంబంధించినవి కనుక మరో వైపు చెబుతున్నాను. నాకు బటన్ రంగూ తెలియదు, గుండ్రటి మూలలూ తెలియవు. నా స్క్రీన్ రీడర్ ఆ మాట చదివి చివర "బటన్" అని చెబితేనే అది నొక్కదగినదని నాకు తెలుస్తుంది. ఒక బస్సు టికెట్ల సైటులో సీట్లన్నీ ఒట్టి బొమ్మలుగా పెట్టారు. ఏ సీటు ఖాళీగా ఉందో, ఏది నొక్కవచ్చో చెప్పే మాట ఒక్కటీ వినిపించలేదు. పక్కింటి అబ్బాయిని పిలిచి నా కార్డు వివరాలు అతని చేత కొట్టించుకోవలసి వచ్చింది. సొంత డబ్బుతో సొంత టికెట్ కొనుక్కోవడానికి మరొకరి ముందు కార్డు నంబరు చదవడం ఎలా ఉంటుందో బటన్ తయారుచేసేవారు ఒక్కసారి ఆలోచించాలి.

మరొక విషయం. బొమ్మ మాత్రమే ఉన్న బటన్లకు కోడ్‌లో పేరు ఇవ్వకపోతే నాకు "బటన్, బటన్, బటన్" అని మాత్రమే వినిపిస్తుంది. పేజీ తెలుగులో ఉందని కోడ్‌లో ప్రకటించకపోతే తెలుగు మాటలను ఇంగ్లిషు గొంతుతో చదవబోయి అర్థం కాకుండా చేస్తుంది, లేదా మొత్తంగా వదిలేస్తుంది.

కోడ్_కాపరి
తెర_వినికిడి గారు చెప్పినదానికి సాంకేతిక కారణం రాస్తాను, ఎందుకంటే చాలా టెంప్లేట్లలో ఈ ఒక్క తప్పే ఉంటుంది. హెచ్‌టీఎంఎల్‌లో బటన్‌కు సొంత ట్యాగ్ ఉంది. దాన్ని వాడితే ట్యాబ్ కీతో చేరుకోవడం, ఎంటర్‌తో గానీ స్పేస్‌తో గానీ నొక్కడం, స్క్రీన్ రీడర్‌కు బటన్ అని తెలియడం, ఇవన్నీ బ్రౌజరే చూసుకుంటుంది. దానికి బదులు ఒట్టి గడి గీసే డివ్ ట్యాగ్ తీసుకుని రంగు పులిమి, క్లిక్ జోడిస్తే మౌస్‌తోనో వేలితోనో నొక్కేవారికి తప్ప మరెవరికీ అది బటన్ కాదు. వేరే పేజీకి తీసుకువెళ్లేదైతే లింక్ వాడాలి, ఇక్కడే ఏదైనా పని జరిపించేదైతే బటన్ వాడాలి. లింక్ ఎంటర్‌కు మాత్రమే స్పందిస్తుంది, స్పేస్‌కు స్పందించదు. కనుక రెండింటినీ కలిపేస్తే కీబోర్డు మీద ఆధారపడినవారు తికమకపడతారు.

ఫారమ్ లోపల పెట్టే ప్రతి బటన్‌కూ అది ఏ పని చేయాలో చెప్పే టైప్ రాయండి. రాయకపోతే బ్రౌజర్ దాన్ని ఫారమ్ పంపే బటన్‌గానే తీసుకుంటుంది. "కూపన్ చూడండి" నొక్కితే ఆర్డర్ వెళ్లిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే మూలం.

ట్యాబ్ నొక్కినప్పుడు బటన్ చుట్టూ కనిపించే గీత అందంగా లేదని కొందరు దాన్ని తీసేస్తారు. దయచేసి తీసేయకండి. కావాలంటే మీ సైటు రంగుల్లో మందమైన గీతగా మార్చుకోండి.

చీరాల_మగ్గం
కోడ్ తెరిచి చూశాను. నాలుగూ డివ్‌లే. పేజీ భాష ఇంగ్లిషు అని ఉంది. తెర_వినికిడి గారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. ఈ రెండూ ఈ రాత్రికే మారుస్తాను.

మాట_మూట
ఇంతమంది మాట్లాడినా ఆ బటన్ మీద ఉన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. "సమర్పించు" అని చదివిన కొనుగోలుదారుకు తరువాత ఏం జరుగుతుందో తెలియదు. వెంటనే డబ్బు పోతుందా, ముందు చిరునామా అడుగుతారా, సంచిలో చేరుతుందా? నొక్కితే ఏం జరుగుతుందో ఆ మాటలోనే ఉండాలి. "సంచిలో వేయండి", "చిరునామా ఇవ్వండి", "₹2,450 చెల్లించండి" అని అంచెలంచెలుగా చెబితే భయం ఉండదు. చివరి బటన్ మీద మొత్తం ధర ఉండడం ఫోన్‌లో కొనేవారికి ఎంతో ధైర్యం ఇస్తుంది.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది. వెబ్‌సైట్ల వాడకాన్ని పరిశీలించే నిపుణుడు జారెడ్ స్పూల్ 2009లో ఒక పెద్ద అమ్మకాల సైటు అనుభవం రాశారు. సంచి నింపుకున్నవారిని డబ్బు కట్టే ముందు ఖాతాలోకి రమ్మనో, నమోదు చేసుకోమనో అడిగేవారు. ఆ నమోదు బటన్‌ను తీసి, దాని స్థానంలో "కొనసాగించండి" అనే అర్థం వచ్చే బటన్ పెట్టి, ఖాతా లేకపోయినా కొనవచ్చని ఒక వాక్యం రాశారు. కొనుగోళ్లు పూర్తిచేసినవారి సంఖ్య 45 శాతం పెరిగిందనీ, మొదటి ఏడాదిలో అదనపు ఆదాయం 30 కోట్ల డాలర్లనీ ఆయన రాశారు. ఆయన చెప్పిన కారణం రంగూ కాదు, పరిమాణమూ కాదు.

మంజీర_తీరం
ఆ ఉదాహరణ నాకూ ఇష్టమే గానీ, అక్కడ మారింది బటన్ మీద మాట మాత్రమే కాదు, వెనక ఉన్న నిబంధన కూడా. ఖాతా తప్పనిసరి అన్న షరతును తీసేయకుండా మాట ఒక్కటే మార్చి ఉంటే, కొనేవారు తరువాతి తెరలో కోపగించుకునేవారు. చీరాల_మగ్గం గారూ, మీ దగ్గర ఓటీపీతో నమోదు అడుగుతున్నారా?

చీరాల_మగ్గం
అడుగుతున్నాం. ఫోన్ నంబరు ఎలాగూ కొరియర్‌కు కావాలి కదా అని అలా ఉంచాం.

మంజీర_తీరం
కొరియర్‌కు నంబరు కావాలంటే చిరునామాతోపాటు అడగండి. ఓటీపీ రాక ఆగిపోయేవారు మీ లెక్కలో కనిపించరు.

డాలస్_అత్తయ్య
నేను కొనే వైపు మనిషిని. టెక్సస్‌లో ఉంటాను, పండుగలకు చేనేత చీరలు తెప్పించుకుంటాను. మా అమ్మాయి తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఆమెకు నచ్చిన చీర ఆమే కొనుక్కోవాలంటే బటన్ల మీద ఇంగ్లిషు కూడా ఉండాలి. అన్నీ తెలుగులోనే ఉంటే ఆమె ఆ సైటును వదిలేస్తుంది.

మాట_మూట
డాలస్_అత్తయ్య గారు చెప్పింది న్యాయమే. కానీ ఒకే బటన్ మీద రెండు భాషలు కుక్కితే రెండూ చదవలేము. పైన భాష మార్చుకునే ఏర్పాటు ఉంచి, ఎంచుకున్న భాషలో మాత్రమే బటన్ చూపించడం మేలు. తెలుగు ఎంచుకున్నవారికి కూడా "ఆర్డర్", "కార్ట్" వంటి అలవాటైన మాటలను తెలుగు లిపిలో రాయవచ్చు; వాటిని బలవంతంగా మార్చనక్కరలేదు. గౌరవ రూపం మాత్రం విడవకండి. "పంచుకో" అని కొనేవారిని ఏకవచనంలో పిలవడం మన దుకాణాల మర్యాద కాదు.

అక్షర_శిల్పి
తెలుగు అక్షరాలతో బటన్ చేసేటప్పుడు ఇంగ్లిషు టెంప్లేటు కొలతలు అలాగే ఉంచితే కొన్ని చోట్ల దెబ్బతింటుంది. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. లైన్-హైట్ (వరుస ఎత్తు) 1 అని పెట్టిన బటన్‌లో "స్త్రీ" వంటి మాట పైనా కిందా తెగిపోతుంది, 1.5 నుంచి మొదలుపెట్టి చూడండి. బటన్‌కు స్థిరమైన ఎత్తు, స్థిరమైన వెడల్పు ఇవ్వకుండా, లోపలి ఖాళీని ప్యాడింగ్‌తో ఇవ్వండి. అప్పుడు మాట పొడవును బట్టి బటన్ పెరుగుతుంది, ఫోన్‌లో అక్షరాలు పెద్దవిగా పెట్టుకున్నవారికి కూడా తెగదు. ఇంగ్లిషు బటన్లలో అందం కోసం అక్షరాల మధ్య ఖాళీ పెంచే లెటర్-స్పేసింగ్ తెలుగుకు పనికిరాదు, మాట ముక్కలైనట్టు కనిపిస్తుంది. పెద్దక్షరాలు చేసే అమరిక తెలుగు మీద పనిచేయనే పనిచేయదు, ఎందుకంటే మనకు పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు. కనుక ఒత్తి చెప్పాలంటే అక్షరాల మందమో, పరిమాణమో మార్చాలి. నోటో సాన్స్ తెలుగు ఫాంటులో వేరువేరు మందాలు దొరుకుతాయి. రామభద్ర వంటి బరువైన ఫాంటు శీర్షికకు బాగుంటుంది గానీ చిన్న బటన్‌లో వత్తులు పూడుకుపోతాయి.

బొబ్బిలి_బాలు
ఈ పోస్టు దాచుకుంటున్నాను. వత్తులు తెగడానికి కారణం ఫాంటు అనుకునేవాళ్లం.

వేలి_కొస
ఫారమ్ నిండేదాకా బటన్‌ను బూడిద రంగులో ఆపి ఉంచడం గురించి కూడా తేల్చాలి. నా ఉద్దేశంలో దాన్ని తీసేయాలి. కొనేవారు అన్నీ నింపామనుకుంటారు, పిన్‌కోడ్‌లో ఒక అంకె తగ్గి ఉంటుంది, బటన్ మాత్రం ఏమీ చెప్పకుండా మూగగా ఉంటుంది. ఎప్పుడూ పనిచేసే బటన్ ఉంచి, నొక్కిన తరువాత "పిన్‌కోడ్‌లో 6 అంకెలు ఉండాలి" అని ఆ గడి దగ్గరే చూపించి, అక్కడికే తీసుకువెళ్లాలి. బ్రిటన్ ప్రభుత్వపు గవ్.యూకే డిజైన్ సిస్టమ్ కూడా పనిచేయని బటన్లను వీలైనంతవరకు వాడవద్దనే చెబుతుంది.

కోడ్_కాపరి
వేలి_కొస గారితో కొంత విభేదిస్తాను. ఎప్పుడూ ఆపకూడదంటే కుదరదు. నొక్కిన తరువాత సర్వర్ జవాబు వచ్చేదాకా బటన్‌ను ఆపి, "చెల్లింపు జరుగుతోంది" అని చూపించకపోతే ప్రజలు మళ్లీ నొక్కుతారు. మా నాన్నగారు కరెంటు బిల్లు కడుతూ, తెర కదలడం లేదని రెండుసార్లు నొక్కితే రెండుసార్లు డబ్బు పోయింది. తిరిగి రావడానికి చాలా రోజులు పట్టింది.

వేలి_కొస
నొక్కిన తరువాత ఆపడం వేరు, నొక్కనివ్వకుండా ముందే ఆపడం వేరు. మొదటిదానికి నా అభ్యంతరం లేదు.

కోడ్_కాపరి
అయితే మన ఇద్దరిదీ ఒకే మాట. స్పందన వేగం గురించి ఒక కొలత చెబుతాను. నొక్కిన 0.1 సెకనులోపు ఏదో ఒక మార్పు కనిపిస్తే మన చేతితోనే జరిగినట్టు అనిపిస్తుందనీ, 1 సెకను దాటితే ఆలోచన తెగుతుందనీ, 10 సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతుందనీ వాడకం సౌలభ్యం మీద పరిశోధన చేసిన జేకబ్ నీల్సన్ 1993లో రాశారు. యూపీఐ చెల్లింపు 0.1 సెకనులో పూర్తికాదు, కానీ బటన్ రంగు మారడం, మాట మారడం ఆ లోపు జరగాలి. వీటితోపాటు ప్రతి ఆర్డర్‌కూ ఒక ప్రత్యేకమైన గుర్తు సంఖ్య సృష్టించి, అదే సంఖ్యతో రెండోసారి వచ్చిన అభ్యర్థనను సర్వర్ తిరస్కరించేలా చేయండి. బటన్‌ను ఆపడం ఒక్కదాన్నే నమ్ముకుంటే నెట్ ఆగి పేజీ మళ్లీ తెరిచినవారి దగ్గర అది కాపాడదు.

గోదారి_గట్టు
ఆర్డర్ బటన్‌ను తెర అడుగున ఎప్పుడూ కనిపించేలా అంటించి ఉంచితే మంచిదా? డిజైనర్ స్టీవెన్ హూబర్ 2013లో బయటి ప్రదేశాల్లో ఫోన్ వాడుతున్న 1,333 మందిని గమనిస్తే, తెరను తాకుతూ వాడేవారిలో 49 శాతం మంది ఒంటి చేత్తో వాడుతున్నారు. బొటనవేలు అడుగు భాగానికే సులువుగా చేరుతుంది కదా.

వేలి_కొస
చీర పేజీలో మంచిదే, ఎందుకంటే ఫొటోలు, వివరాలు, మడత, అంచు చూస్తూ చాలా కిందికి జారుతారు. అయితే చిరునామా ఫారమ్‌లో అలా పెట్టకండి. కీబోర్డు పైకి వచ్చినప్పుడు నింపుతున్న గడి మీద బటన్ పరుచుకుంటుంది. ఐఫోన్‌లో అడుగున వేలు జరిపే గీత ఉంటుంది, దానికి పైన కొంత ఖాళీ వదలాలి. కీబోర్డుతో వెళ్లేవారికి ఆ పట్టీ కింద వారున్న గడి పూర్తిగా దాగిపోకూడదని డబ్ల్యూసీఏజీ 2.2 కూడా అడుగుతుంది.

సంత_సరుకు
మీరంతా ఇంత కష్టపడుతున్నారు గానీ, బటన్ పైన "ఇంకా 2 మాత్రమే ఉన్నాయి, 10 నిమిషాల్లో ఆఫర్ ముగుస్తుంది" అని గడియారం పెడితే జనం వెంటనే నొక్కుతారు. వద్దనే బటన్ మీద "నాకు చేనేత మీద ప్రేమ లేదు" అని రాయండి, ఎవరూ దాన్ని నొక్కరు. అమ్మకాల్లో ఇది అందరూ చేసేదే.

న్యాయ_నిబంధన
సంత_సరుకు గారూ, అందరూ చేస్తున్నారన్నది సమర్థన కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న కొనేవారిని మభ్యపెట్టే డిజైన్లను, అంటే డార్క్ ప్యాటర్న్‌లను అరికట్టే మార్గదర్శకాలను ప్రకటించింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 18వ సెక్షన్ కింద వచ్చిన ఈ మార్గదర్శకాల అనుబంధంలో 13 రకాలు పేర్కొన్నారు. మీరు చెప్పిన అబద్ధపు గడియారం తప్పుడు తొందర కిందికి వస్తుంది. వద్దనేవారిని సిగ్గుపడేలా చేసే మాట కూడా అందులో విడిగా ఉంది. అడగకుండానే సంచిలో విరాళమో, బీమానో చేర్చడం, ధరను చివరి తెరదాకా దాచడం, చేరడం సులువు చేసి మానుకోవడం కష్టం చేయడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. వద్దనే బటన్‌ను కనబడీ కనబడనట్టు లేత రంగులో పెట్టి ఒకవైపు నెట్టడం కూడా తప్పేనని తెలుసుకోవాలి.

చీరాల_మగ్గం
న్యాయ_నిబంధన గారిని ఒక సందేహం అడుగుతాను. మా చీరల్లో చాలావాటికి నిజంగా ఒక్కటే ప్రతి ఉంటుంది. మగ్గం మీద ఆ పడుగు అయిపోతే అదే రంగుల కూర్పు మళ్లీ వేయరు. "ఒక్కటే ఉంది" అని రాయడం తప్పవుతుందా?

న్యాయ_నిబంధన
నిజమైతే తప్పు కాదు, రాయడమే మంచిది. కొనేవారికి అది అవసరమైన సమాచారం. మార్గదర్శకం అడ్డుకునేది కొరత లేనిచోట కొరత ఉన్నట్టు చూపడాన్ని. అమ్ముడుపోగానే ఆ పేజీలో బటన్ తీసేసి "ఈ చీర అమ్ముడైంది" అని మామూలు వాక్యంగా రాయండి. నొక్కించి, డబ్బు కట్టే తెరదాకా తీసుకువెళ్లి, అప్పుడు లేదని చెప్పకండి.

సంత_సరుకు
చట్టం సంగతి నాకు తెలియలేదు. అయినా చిన్న వ్యాపారులకు పెద్ద సైట్లతో పోటీ ఎలా అన్న నా బాధ అలాగే ఉంది.

డాలస్_అత్తయ్య
సంత_సరుకు గారికి కొనేవారి తరఫున జవాబు చెబుతాను. గడియారం కనిపించిన సైటులో నేను చీర నాణ్యతను కూడా అనుమానిస్తాను. నేసినవారి ఊరు, నూలు వివరం, మొత్తం ధర, ఎన్నాళ్లకు చేరుతుందో బటన్ దగ్గరే రాసి ఉన్న చిన్న దుకాణంలో మళ్లీ మళ్లీ కొంటాను.

గోదారి_గట్టు
అంచుగీత మాత్రమే ఉన్న బటన్ల గురించి మంజీర_తీరం గారు పైన రాశారు. అక్కడ ఒక హెచ్చరిక అవసరం. 2013లో ఐఫోన్లకు ఐఓఎస్ 7 వచ్చాక నీడలూ ఉబ్బులూ లేని చదునైన డిజైన్ ఊపందుకుని, బటన్‌కూ మామూలు వాక్యానికీ తేడా లేకుండా పోయింది. మరుసటి ఏడాదే ఆపిల్ బటన్ల ఆకారం కనిపించే ఏర్పాటును సెట్టింగుల్లో చేర్చవలసి వచ్చింది. నొక్కదగినదని చెప్పే ఆనవాళ్లు బలహీనంగా ఉన్న పేజీల్లో చూసేవారు 22 శాతం ఎక్కువ సమయం గడిపారని వాడకం తీరును పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ సంస్థ 2017లో ప్రచురించింది. ఇష్టపడి గడిపిన సమయం కాదది, వెతుక్కోవడానికి పట్టిన సమయం. కనుక కొద్దిపాటి నీడో, నిండు రంగో, స్పష్టమైన గీతో ఉంచండి.

బొబ్బిలి_బాలు
ఇవన్నీ మార్చాక ఏది పనిచేసిందో తెలుసుకోవడానికి కొందరికి పాత బటన్, కొందరికి కొత్త బటన్ చూపించి పోల్చే ఏ/బీ పరీక్ష పెట్టాలా?

మంజీర_తీరం
రోజుకు కొద్దిమంది మాత్రమే వచ్చే సైటులో ఆ పరీక్ష నమ్మదగిన ఫలితం ఇవ్వదు. రెండు రకాలకూ చెరి కొన్ని ఆర్డర్లు వస్తే ఆ తేడా యాదృచ్ఛికమో, బటన్ వల్లనో చెప్పలేము. దానికంటే, సైటు ఎప్పుడూ చూడని ఒక పెద్దావిడ చేతికి ఆమె ఫోన్‌నే ఇచ్చి, "మీకు నచ్చిన చీర కొనండి" అని మాత్రమే చెప్పి, పక్కన మౌనంగా కూర్చోండి. ఎక్కడ నొక్కాలో చూపించకండి, సాయం చేయకండి. ఎక్కడ వేలు గాలిలో ఆగుతుందో అక్కడే మీ పని ఉంది. వాట్సాప్‌లో అడిగినవారినే బతిమాలి ఫోన్‌లో మాట్లాడుతూ కొనమనండి. అంతకంటే మంచి పరీక్షకులు దొరకరు.

తెర_వినికిడి
మార్పులు అయ్యాక నాకు లింక్ పంపితే టాక్‌బ్యాక్‌తో మొత్తం ఆర్డర్ చేసి చూసి, ఎక్కడ ఆగిపోయానో రాస్తాను. ఇది ఉపకారం అనుకోకండి. డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. తీర్పు వచ్చినంతమాత్రాన సైట్లు మారవు, కూర్చుని ఒక్కొక్కటీ సరిచేయాలి.

చీరాల_మగ్గం
ఒక విడత మార్పులు చేశాను. చీర పేజీలో నిండు మెరూన్ రంగులో "సంచిలో వేయండి" ఒక్కటే బటన్ ఉంది, ఇష్టమైనవి అంచుగీతతో కిందికి వెళ్లింది, బట్ట వివరాలు నేరుగా రాశాను. అన్నీ అసలైన బటన్ ట్యాగులే. ఓటీపీ తీసేశాం. చివరి బటన్ మీద మొత్తం ధర చూపిస్తున్నాం. తెర_వినికిడి గారికి లింక్ పంపాను.

ఒక్కటి మిగిలింది. ఆర్డర్ రద్దు చేసే బటన్ ఎక్కడ, ఎలా ఉండాలి? మగ్గం నుంచి దించి కొంగు కుచ్చులు వేయించాక రద్దయితే నేతన్నకు నష్టం. దాచిపెడితే న్యాయ_నిబంధన గారు చెప్పిన జాబితాలో పడతాం.

కోడ్_కాపరి
దాచవద్దు, ఆర్డర్ వివరాల పేజీలోనే అందరికీ కనిపించేలా ఉంచండి. అయితే "సరుకు ఎక్కడుందో చూడండి" అనే బటన్‌కు ఆనుకుని పెట్టకండి. మధ్యలో వేలు పొరపాటున తగలనంత ఖాళీ ఇవ్వండి. రంగుతో మాత్రమే తేడా చూపితే ఎరుపు, ఆకుపచ్చ వేరుగా కనిపించనివారికి తెలియదు కనుక మాట స్పష్టంగా ఉండాలి. నొక్కగానే రద్దు చేయకుండా ఒక ప్రశ్న అడగండి. ఆ ప్రశ్నకు "సరే", "రద్దు" అని రెండు బటన్లు పెడితే ఏది దేన్ని రద్దు చేస్తుందో ఎవరికీ అర్థం కాదు. "ఆర్డర్ రద్దు చేయండి", "ఆర్డర్ ఉంచండి" అని రెండింటి మీదా పూర్తిగా రాయండి.

న్యాయ_నిబంధన
ఎప్పటిదాకా రద్దు చేసుకోవచ్చో, ఆ తరువాత ఎందుకు వీలుకాదో డబ్బు కట్టే బటన్ పైనే ఒక వాక్యంలో రాయండి. కుచ్చులు వేయడం మొదలయ్యాక రద్దు కుదరదని ముందే చదివి నొక్కినవారు తరువాత గొడవపడే అవకాశం తగ్గుతుంది.

తెర_వినికిడి
లింక్ అందింది. సంచి దాకా ఎవరి సాయమూ లేకుండా వెళ్లాను. రంగుల ఎంపిక దగ్గర మాత్రం "బటన్, బటన్" అనే వినిపిస్తోంది. ఒక్కొక్క రంగు చుక్కకూ కోడ్‌లో "చిలకపచ్చ", "నేరేడు" అని మీరు చీరకు పెట్టిన రంగు పేరే ఇవ్వండి. అప్పుడు మళ్లీ చూస్తాను.